మట్టికట్ట ముందు నిలిచే టవర్

మట్టికట్ట కింద గొట్టం వేస్తే నీటికి దొంగదారి చూపినట్టే. గొట్టాన్ని ఆనుకున్న మట్టిని గట్టిగా దిమ్మిస కొట్టకపోతే ఆ సందులోంచి నీరు ఊరుతుంది, మట్టి రేణువులను మోసుకుపోతూ దారిని పెద్దది చేసుకుంటుంది. ఒత్తిడి మీదున్న గొట్టం పగిలితే నీరు నేరుగా కట్ట కడుపులోకే చిమ్ముతుంది. కాబట్టి తలుపు జలాశయం వైపే ఉండాలి. అది మూస్తే గొట్టం ఖాళీ అవుతుంది. జలాశయంలో నిలబడి నీటిని గొట్టంలోకి వదిలే ఇన్‌టేక్ టవర్ పుట్టింది ఈ అవసరం కోసమే.

చెరువులు తవ్వించిన పాతవాళ్లకు ఇది తెలుసు. తెలుగు నేలమీద పాత తూములు చాలావరకు కట్టకు లోపలివైపు, నీళ్లలోనే ఉంటాయి: రాతి స్తంభాలు, వాటి నడుమ అడ్డబండలు, బండ రంధ్రంలోంచి దిగే గుంజ, దాని కొసన కన్నం మూసే బిరడా. శ్రీలంక పురాతన చెరువుల్లో కట్టలోనే దీర్ఘచతురస్రపు బావి కట్టి అందులో నీటిని అదుపుచేశారు. బిసొకొటువ అనే ఆ బావి నేటి కవాట టవర్లకు పూర్వరూపమని ఇంజనీర్ హెన్రీ పార్కర్ భావించాడు.

ఈ తెలివి లోపించిన కట్ట ఇంగ్లండ్‌లోని డేల్ డైక్. 1864 మార్చి 11 రాత్రి, మొదటిసారి నిండుతుండగానే తెగి, షెఫీల్డ్ పరిసరాల్లో కనీసం 240 మందిని పొట్టనబెట్టుకుంది. కట్ట కింద పోత ఇనుప గొట్టాలు, వాటి కవాటాలేమో దిగువ కొసన. విచారణ జరిపిన రాబర్ట్ రాలిన్సన్ గొట్టాలనే తప్పుపట్టాడు. తర్వాతి ఇంజనీర్లు కొందరు మధ్యనున్న బంకమన్ను గోడ పగలడమే కారణమన్నారు.

నీటిని ఏ లోతు నుంచి తీసుకోవాలో ఎంచుకునేందుకు టవర్‌కు వేర్వేరు ఎత్తుల్లో ద్వారాలు పెడతారు. లోతు నీటిలో ఆక్సిజన్ తగ్గి, ఇనుము, మాంగనీసు కరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు పై ద్వారం తెరుస్తారు.

నిర్మాణపరంగా అసలు చిక్కు బరువులో ఉంది. బయటి వ్యాసార్ధం 5 మీటర్లు, గోడ మందం 0.8 మీటర్లు ఉన్న గుండ్రటి టవర్ మీటరు ఎత్తుకు సుమారు 55 టన్నుల కాంక్రీటు. అది పక్కకు నెట్టే నీరు 78 టన్నులు. లోపల నీరు లేని పొడి టవరైతే, పునాది కిందికి నీటి ఒత్తిడి చేరినప్పుడు అది తేలిపోవాలని చూస్తుంది. అందుకే బరువైన పునాది, రాతిలోకి లంగర్లు కావాలి. లోపలా నీరు నిండిన తడి టవర్‌కు ఆ బెడద తక్కువ, గోడకు రెండువైపులా ఒత్తిడి సమానం.

భూకంపం వస్తే లెక్క తారుమారవుతుంది. సన్నని పొడవైన టవర్ ఊగితే, అది పక్కకు నెట్టినంత నీటి ద్రవ్యరాశి బయట దానితో కదిలినట్టే లెక్క. తడి టవరైతే లోపలి 55 టన్నుల నీరూ ఊగుతుంది. అప్పుడు 55 టన్నుల కాంక్రీటు 190 టన్నుల దాకా బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది, ఊగే వ్యవధి దాదాపు రెట్టింపవుతుంది. ఆనకట్టల మీద ఈ నీటి ప్రభావాన్ని 1933లో వెస్టర్‌గార్డ్ లెక్కగట్టాడు. టవర్లకు తగిన పద్ధతిని 1980ల చివర గోయల్, చోప్రా ఇచ్చారు.

పాత టవర్లలో ఇనుప కడ్డీలు తక్కువ. పాదం దగ్గర ఒకే పగులు పడితే సాగుదలంతా అక్కడి కడ్డీల మీదే పడి అవి తెగిపోవచ్చు. అందుకే కాంక్రీటు పగిలిన తర్వాత కూడా వంపును మోయగలిగేంత ఇనుము వేస్తారు. కట్ట మీదినుంచి టవర్‌కు వేసే వంతెన ఒక కొసను జారేలా వదులుతారు: మట్టికట్ట కుంగుతుంది, కదులుతుంది, టవర్ మాత్రం రాతిమీద నిలిచి ఉంటుంది.