కారు మెరుపుకు అసలు ఖరీదు

బళ్ళారి నుంచి హోస్పేటకు పోయే దారిలో కుడతిని మీదుగా రోజూ తిరిగే కుటుంబాలకు దుమ్ము కొత్త కాదు. 2007 నుంచి నడుస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద, ఖనిజం లారీల ఎర్రదుమ్ము, మామూలు మట్టి మూడూ కలిసి కారు మీద పొరగా పేరుకుంటాయి. ఇంటికి రాగానే పొడిగుడ్డతో గబగబా తుడిచేసి, శుభ్రమైపోయిందని సంతోషిస్తాం. కారు రంగుకు కష్టాలు మొదలయ్యేది అక్కడే.

రాళ్ళ గట్టిదనాన్ని కొలిచే మోస్ లెక్కలో ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఇనుప ఖనిజమైన హెమటైట్‌ది 5 నుంచి 6 పైచిలుకు. కారు రంగు పైన ఉండే పారదర్శకమైన వార్నిష్ పొర వీటి ముందు చాలా మెత్తన. గుడ్డ కింద చిక్కిన ఒక్కొక్క రేణువూ ఒక్కొక్క గీత గీస్తుంది.

కారుకు దెబ్బ తగిలి కొత్తగా రంగు వేయించినవారికి ఇంకొక చిక్కు ఉంది. స్ప్రే చేసిన రంగు ఆరాక కొన్నిచోట్ల నారింజ తొక్కలా గరుకుగా కనిపిస్తుంది. దానిని చదును చేయడానికి పెయింటరు నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దుతాడు. నీళ్ళు తగిలినా చెడని ఈ కాగితాన్ని అమెరికాలోని 3ఎం కంపెనీ 1921లో తెచ్చింది. పొడిగా రుద్దినప్పుడు లేచే దుమ్ము బాధ దానితో చాలావరకు తగ్గింది. రుద్దిన తర్వాత కాంపౌండ్ రాసి బఫింగ్ మిషన్ తిప్పుతారు. సాయంత్రం షెడ్డులో కారు అద్దంలా ఉంటుంది. మర్నాడు ఎండలో పెడితే బానెట్ నిండా సాలెగూడు! షెడ్లలో వీటిని స్వర్ల్ మార్కులంటారు. మనం సుడిగీతలందాం.

నిజానికి అవన్నీ గుండ్రని గీతలు కావు. అన్ని దిక్కులా ఉన్న గీతల్లో, వెలుగును మన కంటివైపు తిప్పేవి మాత్రమే మెరుస్తాయి. అవి సూర్యబింబం చుట్టూ వలయాల్లా అమరినట్టు తోస్తాయి. బాగా తోమిన స్టీలు పళ్ళాన్ని బల్బు కింద పెట్టి చూడండి, ఇదే వింత కనిపిస్తుంది.

గీతను చెరపడం అంటూ ఏమీ లేదు. గీత అడుగు ఎంత లోతున ఉందో, చుట్టూ ఉన్న రంగును అంతవరకూ అరగదీయడమే చికిత్స. అందుకే పని అంచెలంచెలుగా సాగాలి. 1500 నంబరు కాగితం చేసిన గీతలను 2000 తీసివేయాలి, వాటిని 3000 తీసివేయాలి. ఒక్కొక్క అంచెలో రుద్దే దిక్కు మారిస్తే పాత గీతలు మిగిలాయో లేదో ఇట్టే తెలుస్తుంది. తర్వాత కాంపౌండ్, ఆ తర్వాత మెత్తని స్పాంజి ప్యాడ్‌తో సన్నని పాలిష్. ఒక్క మెట్టు దాటవేసినా, దాని బాకీ ఎండలో బయటపడుతుంది.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. బళ్ళారి పక్కనే సంగనకల్లు కొండల దగ్గర కొత్తరాతియుగపు మనుషులు నల్లని డోలరైట్ రాతితో గొడ్డళ్ళు చేశారు. ముందు పెచ్చులు లేపి, తర్వాత పొడిచి, ఆపైన అరగదీసి, చివరికి మెరుగుపెట్టారు. ముతక నుంచి సన్నానికి, అదే వరస.

కాకపోతే గొడ్డలి రాయి మందం, కారు వార్నిష్ పలుచన. సాధారణంగా ఆ పొర 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు! ఎండ నుంచి అడుగు రంగును కాపాడేది ఆ పొరే. పాలిష్ పెట్టిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది, తిరిగి పెరగదు. వార్నిష్ లేని పాత అంబాసిడర్ రంగుకు పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగే అంటుకునేది. ఇప్పటి కార్లలో అరిగేది రంగులేని పొర గనుక మనకు కనిపించదు, అంతే తేడా. ఏటేటా పండుగకు కారును బఫింగ్ చేయిస్తే ఒకనాటికి పొర పోయి, రంగు వెలిసి, మళ్ళీ పెయింటింగ్ ఖర్చు నెత్తిన పడుతుంది.

కనుక షెడ్డుకు వెళ్ళినప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. కారును సాయంత్రం కాక పగటి వెలుగులో చూసి తీసుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో ఒకచోట తుడిచి చూపించమనండి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచివేస్తాయి, రెండు మూడు కడుగుళ్ళకు అవి మళ్ళీ తేలుతాయి. తలుపుల అంచుల దగ్గర, మడతల దగ్గర రంగు మరీ పలుచన, అక్కడ టేపు అంటించి పని చేయమనండి. అరగంటలో ముగించమని పెయింటరును తొందరపెట్టకండి. దాటవేసిన మెట్లు చాలావరకు మన తొందర వల్లనే.

ఇంటి దగ్గర చేయవలసింది ఇంకా తేలిక. ముందు ధారాళంగా నీళ్ళు పోసి దుమ్మును జారనివ్వండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్ళకు, రెండోది గుడ్డ జాడించడానికి. మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా తుడవండి. కింద పడిన గుడ్డను ఉతకనిదే మళ్ళీ కారుకు తాకించవద్దు. కారు నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే కడగండి.

ఎండలో మాత్రమే కనిపించే ఒకటి రెండు సన్నని గీతలను అలాగే ఉండనివ్వడం కూడా పొదుపే. వాటి కోసం అరగదీసిన పొరను ఏ షెడ్డూ డబ్బాలోంచి తీసి తిరిగి అతికించలేదు.