తిట్టుకుంటూ చూసినా చూసినట్టే

మానుకోట చుట్టుపక్కల మిరపకాయ ఏరడానికి పోయే కూలీల ఆటోలో పొద్దున్నే సగం మాటలు కూలి రేటు మీద, మిగతా సగం నిన్న రాత్రి సీరియల్ మీద.

"ఆ జ్యోత్స్న సంగతి ఊరందరికీ ఎర్కే, ఇంట్లోళ్లకే ఎర్కలేదు. ఇగ ఎన్నాళ్లు సాగదీస్తరే అక్కా!"

"మరి సూసుడు బంద్ జెయ్యరాదు?"

"బంద్ జేస్తె ఏమైందో ఎట్ల తెలుస్తది?"

టీవీ వ్యాపారమంతా ఈ మూడో మాట మీదే నిలబడి ఉంది.

ఆ జ్యోత్స్న స్టార్ మాలో వచ్చే 'కార్తీకదీపం 2: ఇది నవ వసంతం'లో పాత్ర. 2024 మార్చి 25న మొదలైన ఈ కథలో పారిజాతం అనే నాయనమ్మ పసిపిల్లల్ని మార్చేస్తుంది. దాంతో సుమిత్ర సొంత కూతురు దీప పరాయిదైపోతుంది, జ్యోత్స్న ఆ ఇంటి వారసురాలవుతుంది. చూసేవాళ్లకు అంతా తెలుసు, సుమిత్రకు మాత్రం తెలియదు. నిజం చెప్పడానికి ఎవరో నోరు తెరుస్తారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది, లేదా గుమ్మంలో ఇంకెవరో నిలబడతారు. ఉరుము లాంటి చప్పుడు, కెమెరా ఒక్కో ముఖం మీదికి మూడేసి సార్లు, ఆ తర్వాత సబ్బు ప్రకటన.

ఆ ప్రకటన ముందు కథను అలా ఆపడానికి లెక్క ఒకటుంది. రేటింగ్ 10 అంటే ఆ ప్రాంతపు ప్రేక్షకుల్లో నిమిషానికి సగటున నూటికి పదిమంది ఆ కార్యక్రమం చూస్తున్నారని. సగటు కదా, మధ్యలో లేచిపోయినవాళ్ల వల్ల అంకె పడిపోతుంది. అందుకే లేవకుండా కూర్చోబెట్టాలి. కొలిచే సంస్థ పేరు బార్క్. అది దేశంలో ఎంపిక చేసిన సుమారు 58,000 ఇళ్లలో మీటర్లు పెట్టింది. ప్రతి ఛానల్ తన శబ్దంలో మన చెవికి అందని గుర్తు ఒకటి కలిపి పంపుతుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక బటన్ ఉంటుంది. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. ఆ ఇళ్లు ఎవరివో బయటికి చెప్పరు. వారం లెక్కలు గురువారం వస్తాయి, ప్రకటన రేట్లు వాటిని బట్టే కదులుతాయి.

దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 23 కోట్లు. అంటే దాదాపు 4,000 ఇళ్లకు ఒక మీటర్. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి ఒకే మార్కెట్‌గా లెక్కిస్తారు కాబట్టి జనగామ ఏమనుకుంది, భూపాలపల్లి ఏమనుకుంది అని ఎవరూ విడిగా అడగరు. అంతకన్నా ముఖ్యం, మీటరుకు తిట్టు వినపడదు. పారిజాతానికి శాపనార్థాలు పెడుతూ చూసిన అరగంటా, కన్నీళ్లతో చూసిన అరగంటా దానికి ఒక్కటే.

మరి జనం మాట ఎప్పుడూ చేరలేదా? ఒకసారి గట్టిగానే చేరింది. 2017 అక్టోబరులో మొదలైన మొదటి 'కార్తీకదీపం' మలయాళ 'కరుతముత్తు'కు రీమేక్. రెండింటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథే, తెలుగులో ఆ పాత్ర పేరు దీప. భార్య దీపను అనుమానించి ఏళ్లకేళ్లు దూరం పెట్టిన డాక్టర్ బాబు పాత్ర నిరుపమ్ పరిటాలది. డాక్టరై ఉండి డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించడని చిన్నపిల్లలు కూడా జోకులేశారు. జోకులేస్తూనే నంబర్ వన్‌గా నిలబెట్టారు. 2022 మార్చిలో ఆ ఇద్దరినీ ప్రమాదంలో చంపేసి, పిల్లలు పెద్దయ్యాక జరిగే కథ మొదలుపెట్టారు. రేటింగ్ జారిపోయింది. కొన్ని నెలలకే దీప, డాక్టర్ బాబు బతికొచ్చారు. 2023 జనవరి 23న సీరియల్ ముగిసింది, ఏడాది తిరిగాక అదే నటుల జంటతో ఇప్పటి రెండో భాగం వచ్చింది. డీఎన్ఏ ప్రశ్న మూడేళ్లయినా కథను కదిలించలేదు, రిమోట్ నొక్కితే కదిలింది.

చచ్చినవాళ్లను బతికించడం మన సీరియళ్ల తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటే. ఆర్థర్ కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేస్తే పాఠకులు మండిపడ్డారు, ఆ కథలు వేసే పత్రికకు చందాలు మానుకున్నారు. 1903లో ఆయన హోమ్స్‌ను తిరిగి రప్పించక తప్పలేదు. మనకు ఎన్నడూ ఎదురుపడని మనిషితో ఇలా ఒకవైపు చుట్టరికం ఎలా కలుస్తుందో 1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికన్ పరిశోధకులు వివరించారు. రోజూ అదే వేళకు, మన ఇంట్లోనే కనిపించే ముఖాన్ని మనసు పరిచయస్తుల లెక్కలో వేసుకుంటుందని వాళ్లన్నారు. అందుకే "మా దీప" అనడం అమాయకత్వమేమీ కాదు.

అసలు ఈ ప్రాంతంలో కథ వినేవాళ్లు ఊరికే విన్నది ఎప్పుడు? ఒగ్గుకథకు ఊరూరా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యాపురం. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యదీ ఈ జిల్లానే. ఒగ్గుకథలో పక్కనున్న వంతగాడు మధ్యమధ్యలో అడ్డు తగిలి ప్రశ్నలేస్తాడు. జనం కునుకుతుంటే చెప్పేవాడికి ఎదురుగానే కనిపిస్తుంది, అప్పటికప్పుడు హాస్యం పెంచుతాడు, లేదా డోలు మోగిస్తాడు. మిర్చి కూలీల ఆటోలో పడే ప్రశ్నలు ఆ వంతగాడివే, జవాబిచ్చే కథకుడే లేడు. నాకు సీరియల్ కన్నా ఆటోలో జరిగే ఈ విమర్శే ఎక్కువ పదునుగా తోస్తుంది. ఏ పాత్ర ఎక్కడ గాడి తప్పిందో వాళ్లు రెండు ముక్కల్లో తేలుస్తారు.

అన్నట్టు, వీళ్లు ఇంత చక్కటి భాషలో తిట్టే సీరియళ్లలో వీళ్ల భాష వినపడడం అరుదు. వీ6 వార్తా ఛానల్‌లో బిత్తిరి సత్తి, సావిత్రి తెలంగాణ మాటతో ఇంటింటికీ చేరాక కూడా డైలీ సీరియల్ అమ్మగారు దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు చూపు ఫోన్‌లోకి మారుతోంది. భూపాలపల్లి సింగరేణి కాలనీలో రెండో షిఫ్టు చేసి అర్ధరాత్రి ఇల్లు చేరిన మనిషి అన్నం తింటూ జియోహాట్‌స్టార్‌లో ఆ రోజు ఎపిసోడ్ పెట్టుకుంటే, టీవీ మీటరులో ఆ చూపు పడదు. సాగదీసిన చోట వేలితో ముందుకు జరిపేస్తాడు కూడా. మీటర్లున్న ఇళ్లను క్రమంగా 1,20,000కు పెంచాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2025 నవంబరులో ముసాయిదా ఇచ్చింది. అంత పెరిగినా దాదాపు 1,900 ఇళ్లకు ఒక మీటరే.