సగం తిరిగిన వంతెన

ఆవిరి ఇంజన్‌కు ముందూ వెనకా ఒకటి కాదు. బొగ్గూ నీళ్లూ మోసే టెండరు వెనక ఉంటుంది. వెనక్కి నడిపితే అది డ్రైవరు చూపుకు అడ్డం. అందుకే 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది మొదలు, ఆవిరి ఉన్నంతకాలం, ఇంజన్ ముఖం తిప్పడం షెడ్లలో నిత్యం ఉండే పని. గుండ్రటి గుంత, మధ్యలో ఇరుసు, దాని మీద తిరిగే వంతెన. అదే టర్న్‌టేబుల్. బరువు సరిగ్గా ఇరుసు మీద తూగేలా ఇంజన్‌ని నిలిపితే చాలు, పదుల టన్నుల ఇనుమును కొద్దిమంది ఖలాసీలు భుజాలతో తోసి తిప్పేసేవారు. చేతిబలం కన్నా తూకం పట్టిన కన్ను గొప్పదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

రామంతాపూర్‌లో మా మేడ మీది గదిలో, ప్లైవుడ్ బల్ల మీద నేను కట్టిన టర్న్‌టేబుల్‌కు తూకం సమస్య లేదు. అసలు ఇంజన్‌లో 87వ వంతు బొమ్మను గేర్ మోటారు సునాయాసంగా తిప్పుతుంది. (ఆ లెక్కన మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు 19కి పైచిలుకు కావాలి. బజారులో దొరికే పట్టా వెడల్పు మాత్రం 16.5.) చిక్కంతా కరెంటుతోనే.

బొమ్మ రైలులో పట్టాలే తీగలు. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. చక్రాల గుండా కరెంటు మోటారుకు చేరుతుంది. ఇప్పుడు వంతెనను సగం చుట్టు తిప్పండి. ఉత్తరాన ఉన్న ప్లస్ పట్టా దక్షిణానికి వచ్చింది. దాని ఎదుట, కదలని దారిలో, దక్షిణపు పట్టా మైనస్. ఇంజన్ చక్రం ఆ సందు దాటుతూ రెండింటినీ తాకిన క్షణాన షార్ట్ సర్క్యూట్. పైగా వంతెనకు తీగలు నేరుగా అతికితే అవి మెలితిరుగుతాయి. మొదటిసారి నేను అలాగే అతికాను. కొన్ని చుట్లకే ఒకటి పుటుక్కున తెగింది.

దీనికి మందు 1832 నాటిది. ఫారడే విద్యుత్ ప్రేరణను కనిపెట్టిన మరుసటి ఏడే పారిస్‌లో హిప్పొలీట్ పిక్సీ చేత్తో తిప్పే జనరేటరు చేశాడు. అయస్కాంతం సగం తిరిగినప్పుడల్లా అందులో కరెంటు దిశ తారుమారయ్యేది. ఆంపియర్ సలహాతో దానికి దిశ మార్చే మీట అమర్చాడు. కమ్యుటేటర్ పుట్టుక అదే. నేటి డీసీ మోటార్లలో తిరిగే చీలిక కడియం దాని వారసురాలే.

నేను చేసిందీ అదే. ఇత్తడి రేకును గుంత అడుగున కడియంలా వంచి, ఎదురెదురుగా రెండుచోట్ల కోశాను. ఒక సగానికి ప్లస్, ఒక సగానికి మైనస్. వంతెన రెండు చివర్ల కింద రెండు స్ప్రింగు రేకులు ఆ కడియాన్ని రాసుకుంటూ తిరుగుతాయి. కోత దాటగానే వంతెన పట్టాల ప్లస్, మైనస్ వాటంతటవే మారిపోతాయి. కోత ఎక్కడ పెట్టాలన్నదే కీలకం. దారులేవీ కలవని చోట ఉండాలి, రేకు మొన కంటే వెడల్పుగా ఉండాలి. లేదంటే ఆ మొనే రెండు సగాలనూ కలిపేస్తుంది. గేర్ మోటారు వంతెనతో తిరగదు, గుంత కిందే ఉంటుంది. దానికి వేరే సరఫరా, ఎటు తిప్పాలో చెప్పడానికి ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ ఒకటి. షెడ్డులోని ఒక్కో దారికీ ఒక్కో స్విచ్ పెట్టకపోతే కంట్రోలరు తిప్పగానే నిద్రపోయే ఇంజన్లన్నీ ఒక్కసారే లేస్తాయి.

డిజిటల్ పద్ధతిలో ఆటోరివర్సర్ షార్ట్‌ను పసిగట్టి రెప్పపాటులో దిశ మారుస్తుంది. అయినా కడియమే నాకిష్టం. అది పనిచేయడం కంటికి కనిపిస్తుంది.

మా ఇంటికి దగ్గర్లోనే తార్నాకలో, 1957లో మొదలైన ఇరిసెట్‌లో రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు శిక్షణ పొందుతారు. వాళ్ల విద్యలో ట్రాక్ సర్క్యూట్ ఒక మూలస్తంభం. అక్కడా పట్టాలే తీగలు, రైలు ఇరుసే షార్ట్. 1872లో విలియం రాబిన్సన్ పేటెంట్ పొందిన ఆలోచన అది. రైలు ఇరుసు రెండు పట్టాలనూ కలిపితే రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపెక్కుతుంది. నన్ను ఆశ్చర్యపరిచినది వేరే. పక్కపక్క సర్క్యూట్ల మధ్య ఇన్సులేటెడ్ జాయింటు ఉంటుంది. దానికి అటూ ఇటూ ప్లస్, మైనస్ కావాలనే ఎదురెదురు పడేలా వేస్తారు. జాయింటు చెడితే రెండు కరెంట్లూ ఢీకొని రిలే పడిపోవాలి, లోపం బయటపడాలి. నేను నెలల తరబడి తప్పించుకోవాలని చూసిన షార్ట్‌ని వాళ్లు ప్రయాణికుల ప్రాణాలకు కాపలాగా కూర్చోబెట్టారు.

అప్పటి నుంచి పట్టాల సరఫరాలో ఒక 12 వోల్టుల కారు బల్బును వరసగా కలిపి ఉంచాను. షార్ట్ అయితే తీగ కాలదు, బల్బు వెలుగుతుంది. నిన్న రాత్రి వంతెన సగం తిరిగి ఆగింది, ఇంజన్ సందు దాటి షెడ్డులోకి వెళ్లింది. బల్బు వెలగలేదు.