ఉల్లిపొరల వెనుక నెలనెలా సాగే పని

ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట వీధుల్లో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. కానీ మనం నెట్‌లో చూసేది ఎవరెవరికి తెలుస్తుందో చెప్పే పాఠం వాటి మీద కనిపించదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకైనా, ఫలితాలకైనా మనం నెట్ సెంటర్‌కే వెళ్తాం. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం అక్కడ గుర్తింపు కార్డు చూపాలి. ఎవరొచ్చారు, ఏ సైట్లు చూశారు అన్న వివరాలను యజమాని కనీసం ఏడాది భద్రపరచాలి. పైకి చెప్పుకోలేని జబ్బు గురించి చదవాలన్నా, కులవివక్షపై ఎక్కడ ఫిర్యాదు చేయాలో వెతకాలన్నా వెనకాడుతున్నామంటే ఆశ్చర్యం లేదు.

ఇలాంటి అవసరం కోసం పుట్టిందే టార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దీని మూల ఆలోచన 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో మొదలైంది. 2006లో టార్ ప్రాజెక్ట్ లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది.

ఇది పనిచేసే తీరు తేలికే. ఒక ఉత్తరాన్ని ఒకదానిలో ఒకటిగా మూడు కవర్లలో పెట్టామనుకుందాం. దారిలో మూడు కంప్యూటర్లు తలా ఒక కవరు విప్పుతాయి. మొదటిదానికి పంపినవారెవరో తెలుసు, చేరే చోటు తెలియదు. మూడోదానికి చేరే చోటు తెలుసు, పంపినవారు తెలియదు. మొత్తం సంగతి ఏ ఒక్కదానికీ తెలియదు. ప్రపంచమంతటా స్వచ్ఛంద సేవకులు ఇలాంటి కంప్యూటర్లను వేల సంఖ్యలో నడుపుతున్నారు.

అయితే ఇది ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదు. 2008 తర్వాత కొన్నేళ్లపాటు ఈ సంస్థ నెలనెలా ప్రగతి నివేదికలు ప్రచురించింది. ఏ లోపాలు సరిచేశారు, సైటును మూసేసిన దేశాలకు మెయిల్ ద్వారా సాఫ్ట్‌వేర్ ఎలా అందించాలి, అనువాదాలు ఎంతవరకు వచ్చాయి అన్నవి అందులో ఉండేవి. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఎందరో సేవకులు తమ కంప్యూటర్లలో రహస్య తాళాలు మార్చుకోవలసి వచ్చింది. 2021లో టార్‌లోని పాత 16 అక్షరాల రహస్య చిరునామాలకు స్వస్తి చెప్పి, మరింత భద్రమైన 56 అక్షరాలవాటినే ఉంచారు.

మన పేరు దాచే ఈ పనిముట్టు తన పనిని మాత్రం దాచుకోదు. కోడ్ ఎవరైనా చదవవచ్చు, తప్పు ఎవరైనా చూపవచ్చు. దాని మీద నమ్మకానికి ఆధారం అదే.

హద్దులూ తెలుసుకోవాలి. సొంత పేరుతో లాగిన్ అయితే మనమెవరో ఆ సైటుకు తెలిసిపోతుంది. కంప్యూటర్‌లోనే నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే టార్ కాపాడలేదు. చుట్టూ తిరిగి వెళ్లడం వల్ల వేగమూ తగ్గుతుంది. దీన్ని నేరాలకు వాడేవారూ ఉన్నారు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. సొంత గది, సొంత కంప్యూటర్ లేని మనకూ ఆ హక్కు ఉంది. మిత్రులారా, కోర్సులు నేర్చుకునేటప్పుడు ఉద్యోగంతో పాటు ఈ హక్కును కాపాడే విద్యనూ నేర్చుకుందాం!