కొత్త ఫైలు పాత కంప్యూటర్‌లో ఎందుకు తెరుచుకోదు?

అన్నయ్య కొత్త కంప్యూటర్‌లో టైపు చేసిచ్చిన ప్రాజెక్టును బడిలోని పాత కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్కోసారి తెర నిండా పిచ్చి గుర్తులే! ఫైలు పాడైందా? లేదర్రా, నిక్షేపంగా ఉంది.

తేడా అంతా దాన్ని దాచే పద్ధతిలోనే. వర్డ్ 97 నుంచి వర్డ్ 2003 దాకా వచ్చిన టైపింగ్ ప్రోగ్రాములు మనం రాసిందంతా 'డాక్' ఫైలుగా దాచేవి. వర్డ్ 2007 ఆ పద్ధతి మార్చి 'డాక్‌ఎక్స్' తెచ్చింది. ఇది అచ్చం టిఫిన్ క్యారియరే. ఒక గిన్నెలో మాటలు, ఇంకోదాంట్లో బొమ్మలు, మరోదాంట్లో అక్షరాల సైజు, రంగుల వివరాలు. అన్నిటినీ వర్డ్ పేర్చి, 'జిప్' అనే ఒకే మూట ఫైలుగా బిగించేస్తుంది. కావాలంటే ఫైలుకు నకలు తీసి, పేరు చివరి 'డాక్‌ఎక్స్'ని 'జిప్'గా మార్చి తెరవండి. లోపల 'వర్డ్' అనే ఫోల్డరు, అందులో 'డాక్యుమెంట్' అనే ఫైలు ఉంటాయి. మీ వాక్యాలన్నీ అక్కడే! ఎంత బాగుంటుందో చూడండి.

బడి కంప్యూటర్‌లోని పాత వర్డ్ తయారైనప్పుడు ఈ పద్ధతే లేదు కదా, దానికెలా తెలుస్తుంది? కొత్త వర్డ్‌కి మాత్రం రెండూ వచ్చు. అందుకే కొత్త కంప్యూటర్‌లోనే 'సేవ్ యాజ్' నొక్కి, 'వర్డ్ 97-2003 డాక్యుమెంట్' ఎంచుకోండి. కొన్ని కొత్త హంగులు పోవచ్చు గానీ, మీరు రాసింది మాత్రం పాత కంప్యూటర్‌లోనూ చక్కగా తెరుచుకుంటుంది.