సుడోకు గళ్ళు - వేరుశెనగ చేలు

వార్తాపత్రికలలో కనుపట్టు సుడోకు అను గళ్ళ సమస్యను శ్రోతలలో పలువురు ఎఱిగియే యుందురు. తొమ్మిది అడ్డువరుసలు, తొమ్మిది నిలువువరుసలు, వెరసి 81 గళ్ళు. ఆ గళ్ళు, మూడు గళ్ళ పొడవును మూడు గళ్ళ వెడల్పును గల తొమ్మిది ఖండములుగా విభజింపబడి యుండును. 1 మొదలు 9 వఱకు గల అంకెలు ప్రతి అడ్డువరుసలోను, ప్రతి నిలువువరుసలోను, ప్రతి ఖండములోను ఒక్కొక్కసారి మాత్రమే రావలయును. కొన్ని అంకెలను ముందుగనే యిత్తురు. తక్కిన గళ్ళను మనము పూరింపవలయును. ఇందు కూడికలు లేవు, తీసివేతలు లేవు. అంకెలకు బదులు తొమ్మిది పూవుల పేర్లు వ్రాసినను సమస్య మాఱదు.

ఈ మూలనియమమునకు మఱియొక నియమమును జోడించి అనేక రూపభేదములను కల్పించుచున్నారు. వానితో ఇంటర్నెట్టు ద్వారా పోటీలు జరుగుచున్నవి. వానిని సాధించు విధమును, కల్పించు విధమును నేడు మనవి చేయదలచితిని. వీనికన్నిటికి మూలమైన ధర్మ మొక్కటియే: మంచి సమస్యకు సమాధాన మొక్కటే యుండవలయును, అదియు ఊహవలన గాక తర్కమువలన లభింపవలయును. ఈ మాటలోని బరువు తెలియుటకు మొదట మన అనంతపురపు మెట్టచేలలోనికి పోవుదము.

ఈ పీఠభూమిలో సాలునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. ఎఱ్ఱనేలలు, లోతు తక్కువ. ముఖ్యమైన పంట వేరుశెనగ. కదిరి 6, కదిరి లేపాక్షి మొదలగు వంగడములు వెలువడిన కదిరి పరిశోధనాస్థానము ఈ సీమలోనిదే. ఆ పట్టణము 2022లో అనంతపురమునుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. ఇట్టిచోట నాలుగు వంగడములలో ఏది మేలో తేల్చవలెననుకొనుడు. చేనిలో ఒకమూల గులకఱాళ్ళు, ఒకమూల పల్లము. పల్లమున తేమ నాలుగుదినము లెక్కువ నిలుచును. ఆ పల్లములో చల్లిన వంగడము ఎక్కువ కాయలు కాచినచో, ఆ గొప్ప విత్తనముదా, నేలదా? చెప్పలేము. ఒక ప్రశ్నకు రెండు సమాధానములు వచ్చినవన్నమాట. ఆ తీర్పును నమ్మి విత్తనము కొన్న రైతునకు ఒక కారు పోయినచో మరల ఏడాది వఱకు దిక్కులేదు.

అందుచేత చేనిని నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలుగా విభజించి, ప్రతి వంగడమును ప్రతి వరుసలోను ఒక్కొక్కసారి వచ్చునట్లు చల్లుట యొక పద్ధతి. దీనిని లాటిన్ చతురస్రము అందురు. ఆయిలరు అను గణితవేత్త 1782లో ప్రకటించిన వ్యాసములో లాటిన్ అక్షరములతో ఇట్టి చతురస్రములను వ్రాసెను గనుక ఈ పేరు వచ్చినది. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయకేంద్రమున పనిచేసిన ఫిషరు దీనిని పొలములలో విస్తారముగా ప్రచారము చేసెను. 1956లో జర్మనీ దేశీయుడగు బేరెన్స్ మఱియొక మెట్టు పైకి పోయెను. వరుసలు మాత్రమే చాలవు. చేనిలోని నేలను అతుకులు అతుకులుగా గుర్తించి, ప్రతి అతుకులోను ప్రతి వంగడము ఒక్కొక్కసారి రావలయునని యాతడు నియమించెను. వరుస, నిలువు, ఖండము: సుడోకు మూడు నియమములును ఇవియే గదా! ఖండములు చదరముగా గాక వంకరటింకరగా నుండు సుడోకు ఒకటి పోటీలలో ప్రసిద్ధము. అది బేరెన్సు గీచిన పొలమే.

ఈ శాస్త్రములో తెలుగువారి భాగము చిన్నది గాదు. 1920లో, నాటి బళ్ళారి జిల్లాలోని హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1947లో లాటిన్ చతురస్రములను దాటి, అంతకంటె విశాలమైన యమరికలను ప్రతిపాదించిరి. ఏ రెండు నిలువువరుసలను తీసికొన్నను సాధ్యమైన జంటలన్నియు సమానసంఖ్యలో కనబడుట వాని లక్షణము. అనంతపురము జిల్లాయు 1882లో బళ్ళారినుండి విడివడినదే.

బేరెన్సు వెనుక ఇరువదిమూడేండ్లకు, 1979లో, అమెరికా దేశీయుడు హోవార్డ్ గార్న్సు ఒక పత్రికలో తొమ్మిది గళ్ళ సమస్యను ప్రకటించెను. అది 1984లో జపానునకు చేరి సుడోకు అను పేరు పొందెను. 2004లో లండన్ టైమ్సు పత్రికలో వెలువడి లోకమంతట వ్యాపించెను. 2006లో ఇటలీలోని లూకా నగరమున మొదటి ప్రపంచ సుడోకు పోటీ జరిగెను. 2017లో అదే పోటీ మనకు పొరుగుననున్న బెంగుళూరులో జరిగినది.

ఇక సాధించు విధము. శ్రోతలు కాగితము, పెన్సిలు తీసికొని నాలుగు గళ్ళ చిన్న చదరమును గీయుడు. అందు రెండేసి గళ్ళ చదరములు నాలుగు ఖండములు. దీనికి పూరణలు 288. ఇప్పుడు రెండు కర్ణములలోను, అనగా మూలనుండి మూలకు పోవు గీతలలోను, అంకె మరల రాగూడదను నియమమును చేర్పుడు. పూరణలు 48కి తగ్గును. మొదటి వరుసలో 1, 2, 3, 4 వ్రాయుడు. రెండవ వరుస మొదటి గడిలో 3 వ్రాయుడు. కర్ణనియమము లేనిచో దీనికి ఆరు పూరణలు గలవు. ఆ నియమమున్నచో ఒక్కటియే.

ఎట్లు? ఎడమవైపు పైఖండములో 1, 2, 3 వచ్చినవి గనుక రెండవ వరుస రెండవ గడి 4. ఎడమ పైమూలనుండి దిగు కర్ణములో 1, 4 వచ్చినవి. ఆ కర్ణములోని మూడవ గడి మూడవ నిలువువరుసలోనిది. అచ్చట పైన 3 ఉన్నది. కావున దానికి 2 తప్ప గత్యంతరము లేదు. కర్ణపు చివరి గడి 3. మూడవ నిలువువరుసలో 2 వచ్చినది గనుక రెండవ వరుసలోని తక్కిన గళ్ళు వరుసగా 1, 2. రెండవ కర్ణములో 4, 1 వచ్చినవి. మిగిలినవి 2, 3. రెండవ నిలువువరుసలో 2 ఉన్నది గనుక మూడవ వరుస రెండవ గడి 3, నాల్గవ వరుస మొదటి గడి 2. తక్కినవి తమంత తామే కుదురును: మూడవ వరుస 4, 3, 2, 1, నాల్గవ వరుస 2, 1, 4, 3. ఎచ్చటను ఊహకు చోటు లేదు.

పెద్ద చదరములలోను పద్ధతి యిదియే. నియమమునుబట్టి ఆయుధము మాఱును. ఒక భేదములో కొన్ని గళ్ళను చుక్కలగీతతో చుట్టి వాని మొత్తమును మాత్రము చెప్పుదురు. రెండు గళ్ళ మొత్తము 17 అయినచో అవి 8, 9 కాక తప్పదు. ఒక వరుస మొత్తము ఎల్లప్పుడును 45. చుట్టిన గళ్ళ మొత్తము 38 అయి, ఒక్క గడి మిగిలినచో అది 7. మఱియొక భేదములో చదరంగపు గుర్రము ఒక్క దూకున చేరగల గడిలో అదే అంకె రారాదు.

కల్పించువాని పని యింతకంటె కష్టము. సామాన్యమైన తొమ్మిది గళ్ళ సుడోకులో 17 కంటె తక్కువ అంకెలిచ్చినచో సమాధాన మొక్కటే కానేరదని 2012లో డబ్లిన్ నగర గణితజ్ఞులు యంత్రగణనచే తేల్చిరి. కాని క్రొత్త నియమము చేరినచో అది కొన్ని అంకెల పనిని తానే చేయును. ఒక్క అంకెయు ఈయని సమస్యలును గలవు. కల్పించువాడు ఒక్కొక్క అంకె నుంచుచు, దానివలన ఏ గడి తెగునో చూచుచు పోవును. సమాధాన మొక్కటియే యగునా యని కంప్యూటరు క్షణములో చెప్పును. కాని మనుష్యుడు నడువదగిన త్రోవ యున్నదా, ఆ త్రోవలో క్రొత్తనియమమునకు నిజముగా పని యున్నదా యని చెప్పవలసినవారు పరీక్షకులు. లాజిక్ మాస్టర్స్ ఇండియావారి పోటీలలో నియమముల పుస్తకమును ఉదాహరణములతో ముందుగనే ప్రకటింతురు. సమస్యలు మాత్రము పోటీవేళకే తెఱచుకొనును. సమాధానమున చదరమంతయు పంపక, అడిగిన వరుసలలోని అంకెలను పంపిన చాలును. సమాధానములు రెండున్నచో ఈ యేర్పాటంతయు కూలిపోవును. న్యాయముగా సాధించినవాడు తప్పినవాడగును.

పొలమునకును పోటీకిని ఒక భేదము మఱువరాదు. వ్యవసాయశాస్త్రజ్ఞుడు నియమములకు లోబడిన అనేక యమరికలలో ఒకదానిని చీటివేసి యెన్నుకొనును. పక్షపాతము దొరలకుండుటకు ఫిషరు చెప్పిన మార్గమది. సమస్య కల్పించువాడు అనేకములను తొలగించి ఒకదానినే మిగుల్చును. ఇరువురి పట్టుదలయు ఒకదానిపైననే: వచ్చిన ఫలితమునకు కారణము ఇదియే యని చెప్పగలుగవలయును.

మన పాఠశాలలలో పలకయు బలపమును చాలును. ఉపాధ్యాయులు నాలుగు గళ్ళతో మొదలిడవచ్చును. శ్రోతలకును ఒక పని: ఇందాకటి చదరమున రెండవ వరుస మొదటి గడిలో 3కు బదులు 4 ఉంచి సాధింపుడు. ఇదియు ఏకసమాధానమే. అది దొరకిన పిమ్మట, ఎందుచేత నది యొక్కటే మిగిలినదో ప్రక్కవారికి వివరింపుడు.