వాల్తేరు సముద్రానికి లెక్కలు కట్టినవాడు

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక ఎందుకు తరుగుతుందో తెలియాలంటే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూడాలి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరానికి ఏటవాలుగా వచ్చి తగిలి ఇసుకను కొద్దికొద్దిగా ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య గాలులు మొదలయ్యాక అందులో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే మిగులు ఉత్తరానికే. 1933లో రేవు తెరిచిన నాటి నుంచీ ఈ ఇసుకతో పోర్టుకు పేచీ ఉంది. ఓడలు వచ్చే కాలువ పూడకుండా ఇసుకను ఆపాలి, ఆపితే ఉత్తరాన ఉన్న బీచ్‌కు అది అందదు. 1970లలో వెలుపలి హార్బర్ కోసం పొడవైన బ్రేక్‌వాటర్లు వచ్చాక ఈ చిక్కు ఇంకా పెరిగింది. డ్రెడ్జర్ తోడిన ఇసుకను మళ్లీ బీచ్ మీదికి చేర్చడం అందుకే.

ఇలాంటి ఇసుక లెక్కలతోనే జీవితం మొదలుపెట్టిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఫ్రాన్సిస్ షెపర్డ్‌తో కలిసి, అక్కడి పియర్ వెంబడి ఇసుక ఏ కాలంలో ఎంత పెరుగుతోందో, ఎంత కోసుకుపోతోందో కొలిచాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పని నీటి ఉష్ణోగ్రత మీదికి మళ్లింది. జలాంతర్గామిని పసిగట్టే ధ్వని నీటిలో వంగుతుంది. ఎంత వంగుతుందనేది ఏ లోతులో నీరు ఎంత చల్లగా ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. యుద్ధం తర్వాత ఆయన శాన్ డియాగోలోని నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో కుదురుకున్నాడు.

1952లో ఆయన విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అప్పటి వైస్ ఛాన్సలర్ వి. ఎస్. కృష్ణకు, భూగర్భశాస్త్ర శాఖను నిలబెట్టిన సి. మహదేవన్‌కు కిటికీ తీస్తే కనబడే సముద్రాన్ని చదవాలన్న పట్టుదల ఉంది. భారత నౌకాదళం ఓడలు ఇచ్చింది. భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, జంతుశాస్త్రం చదివిన కుర్రాళ్లు వాటిలో ఎక్కారు.

వాళ్లు దించిన ముఖ్యమైన పరికరం బాతీథర్మోగ్రాఫ్. లోహపు గొట్టంలో చిన్న గాజు పలక, దాని మీద గీత గీసే సూది. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఒకటి కదులుతుంది, వేడి మారేకొద్దీ మరొకటి కదులుతుంది. పైకి లాగేసరికి ఆ చోట సముద్రపు ఉష్ణోగ్రత లోతువారీగా గాజు మీద గీతై ఉంటుంది. విద్యుత్తు అక్కర్లేదు.

ఆ గీతల్లో బయటపడ్డ విషయమే వాల్తేరు పేరును సముద్ర శాస్త్రంలో నిలిపింది. మార్చి నుంచి మే దాకా ఎండలు మండుతుంటే ఒడ్డు దగ్గరి నీరు వేడెక్కాలి. లాఫాండ్ బృందానికి అక్కడ చల్లని నీరు తగిలింది. కారణం గాలి. వేసవిలో నైరుతి గాలి తీరం వెంబడి ఈశాన్యానికి వీస్తుంది. నీరు మాత్రం గాలి పోయిన దిక్కుకే పోదు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పైపొర నీరు మొత్తంగా గాలికి కుడివైపు జరుగుతుందని స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ 1905లో గణితంతో చూపాడు. విశాఖ దగ్గర కుడివైపు అంటే నడిసముద్రమే. పైనీరు అటు తప్పుకుంటే ఆ ఖాళీని నింపడానికి అడుగునీరు పైకి వస్తుంది. అది చల్లనిదే కాదు, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు నిండినది కూడా. వాటి మీద ప్లవకాలు పెరుగుతాయి, ప్లవకాల మీద చేపలు పెరుగుతాయి. తర్వాతి నెలల్లో గంగా, గోదావరి, కృష్ణా వరదనీరు తేలికగా ఉండి పైన మూతలా పరుచుకుంటుంది. అడుగునీరు దాన్ని ఛేదించి రావడం కష్టం. బంగాళాఖాతం అరేబియా సముద్రమంత సారవంతం కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ రోజు హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు వేడిని, పచ్చదనాన్ని చూసి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు చెబుతోంది. అందులోని సూత్రం ఆ గాజు పలకల నాటిదే.

బీచ్ కోతను కూడా లాఫాండ్ వదల్లేదు. వాల్తేరు ఒడ్డున ఇసుక కోత, పూడిక చక్రాలపై లాఫాండ్, ప్రసాదరావు కలిసి రాసిన పత్రం 1954లో విశ్వవిద్యాలయ సముద్రశాస్త్ర సంపుటిలో అచ్చయింది. అక్కడి శిష్యుల్లో ఒకరైన వి. వి. ఆర్. వరదాచారి తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. నా దృష్టిలో లాఫాండ్ చేసిన పెద్ద పని ఇదే: కొలిచే అలవాటును ఇక్కడి వాళ్ల చేతిలో పెట్టి వెళ్లాడు.

1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా ఆంటన్ బ్రూన్ నౌక మీద ఆయన మళ్లీ బంగాళాఖాతానికి వచ్చాడు. మన తీరానికి ఎదురుగా సముద్రగర్భపు వాలులో లోయలు కనబడ్డాయి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు.

ఉద్యోగం ముగిశాక ఆయన, తానూ సముద్ర శాస్త్రవేత్తే అయిన భార్య కేథరీన్, శాన్ డియాగోలో లాఫాండ్ ఓషనిక్ కన్సల్టెంట్స్ అనే సలహా సంస్థ నడిపారు. సముద్ర భౌతికశాస్త్రాల అంతర్జాతీయ సంఘానికి ఆయన చాలా ఏళ్లు ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. ఆ సంఘం ఆయన పేరిట ఇచ్చే పతకం అభివృద్ధి చెందుతున్న దేశాల శాస్త్రవేత్తలకే.

సలహాదారుడి ముందుకు వచ్చే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. బ్రేక్‌వాటర్ ఎంత పొడవు? వ్యర్థజలాల గొట్టం ఎంత దూరంలో ముగియాలి? జవాబుకు ఒక్క నెల కొలతలు చాలవు. మేలో ఉత్తరానికి పారే తీరప్రవాహం నవంబరులో దక్షిణానికి తిరుగుతుంది. మేలో మాత్రమే కొలిచి గొట్టం వేస్తే, చలికాలంలో మురుగు ఏ ఊరి ముందుకు చేరుతుందో ఆ నివేదికలో ఉండదు. అందుకే తీరంలో ఏ కట్టడానికైనా అనుమతి ఇచ్చే ముందు కనీసం రెండు రుతుపవనాల కొలతలు అడగాలని నేను గట్టిగా అంటాను. ఆ కొలతలు తీయగల వాళ్లు 1952 నుంచీ విశాఖలోనే తయారవుతున్నారు.